తొలి భారతీయ వాయుసేనాధిపతి సుబ్రతో ముఖర్జీ

భారత వైమానిక దళానికి తొలి స్వదేశీ అధిపతి సుబ్రతో ముఖర్జీ. 1911 మార్చి 5న కలకత్తాలో జన్మించిన ఆయన ఇంగ్లండులోని క్రాన్‌వెల్‌లో శిక్షణ పొంది, 1933లో కరాచీలో నాలుగు వాపిటి విమానాలతో ఏర్పడిన తొలి స్క్వాడ్రన్‌లో చేరారు. స్వాతంత్య్రం వచ్చాక కూడా ముగ్గురు బ్రిటిష్ అధికారులు వరుసగా దళాన్ని నడిపారు. 1954 ఏప్రిల్ 1న గానీ పగ్గాలు ఆయన చేతికి రాలేదు.

మిస్టీర్, హంటర్, కాన్‌బెర్రా జెట్ విమానాలు ఆయన హయాంలోనే దళంలో చేరాయి. అయితే విమానం కొనడం సులభం. పైలట్‌ను, మెకానిక్‌ను, విడిభాగాలను సమకూర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. అందుకే నాట్ యుద్ధ విమానాన్ని బెంగళూరులోనే నిర్మించేందుకు 1956లో కుదిరిన ఒప్పందం ఆ కాలపు కొనుగోళ్లన్నింటికంటే విలువైనది. 1965 యుద్ధంలో ఆ నాట్‌లే పాకిస్థాన్ సేబర్ జెట్‌లను నేలకూల్చాయి. అది చూసే భాగ్యం ముఖర్జీకి దక్కలేదు. 1960 నవంబరు 8న టోక్యోలో భోజనం చేస్తుండగా ఆహారం గొంతులో అడ్డుపడి 49 ఏళ్లకే కన్నుమూశారు.