ఇటుక దెబ్బలో ప్రేమను చూచిన పిల్లి: జార్జి హెరిమన్ జీవితము

జంతువులచేత మాటలాడించుట మానవునకు మిక్కిలి ప్రాచీనమైన విద్య. చిన్నయసూరి నీతిచంద్రికలోని హిరణ్యకుడను ఎలుకయు, చిత్రగ్రీవుడను కపోతరాజును తెలుగు విద్యార్థులకు చిరపరిచితులే. అవి కథ చెప్పుచు లోకనీతిని బోధించును. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దినపత్రికలలో వేరొక జంతులోకము పుట్టినది. అందు పిల్లియు, ఎలుకయు, కుక్కయు మనుష్యులవలె రెండుకాళ్లపై నడచును, మాటలాడును; కాని నీతి బోధింపవు. ఆ లోకమును సృష్టించిన చిత్రకారులలో అగ్రగణ్యుడు జార్జి హెరిమన్.

హెరిమన్ 1880వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన లూసియానా రాష్ట్రములోని న్యూ ఆర్లియన్సు నగరమున జన్మించెను. తండ్రి దర్జీ. వారిది నల్లవారి రక్తమును, ఐరోపావారి రక్తమును కలిసిన క్రియోలు కుటుంబము. 1890లో ఆ రాష్ట్రము రైళ్లలో తెల్లవారికిని, ఇతరులకును వేరువేరు పెట్టెలుండవలెనని శాసనము చేసెను. వర్ణభేదపు కట్టుబాట్లు నానాటికి బిగియుచున్న ఆ కాలముననే, జార్జి పదియేండ్ల బాలుడుగా నున్నప్పుడు, ఆ కుటుంబము పడమటి తీరమందలి లాస్ ఏంజెలిసుకు తరలిపోయి తెల్లవారిలో కలిసిపోయెను. హెరిమన్ తన పుట్టుకను గూర్చిన సత్యమును లోకమునకు వెల్లడింపలేదు. తోటి చిత్రకారులు అతనిని గ్రీకువాడని పిలిచెడివారు. అతని ఛాయాచిత్రములలో పెక్కింట తలపై టోపీ కనిపించును. జుట్టును దాచుటకే దానిని ధరించెనని పిమ్మట కొందరు ఊహించిరి.

చదువు ముగిసిన పిమ్మట అతడు లాస్ ఏంజెలిసు హెరాల్డు పత్రికలో అచ్చుదిమ్మలు చేయు శాఖయందు సహాయకుడుగా చేరెను. 1900 ప్రాంతమున న్యూయార్కు చేరి పత్రికలకు హాస్యచిత్రములు గీయసాగెను. 1910లో ఈవెనింగ్ జర్నల్ పత్రికలో ‘డింగ్‌బాట్ ఫ్యామిలీ’ యను బొమ్మల కథను ఆరంభించెను. ఆ బొమ్మల అడుగున మిగిలిన ఇరుకుచోటులో ఒక పిల్లిని, ఒక ఎలుకను గీసెను. ఆ యేడు జూలైలో ఒకనాడు ఎలుక పిల్లి తలపై ఒక వస్తువును విసరినది. ఆ అడుగు బొమ్మలే 1913లో ‘క్రేజీ క్యాట్’ అను స్వతంత్రమైన కథయయ్యెను. 1916 ఏప్రిల్ 23 నుండి ఆదివారము ఒక నిండుపుటను ఆక్రమించెను.

కథ చాల చిన్నది. క్రేజీ నల్లపిల్లి; ఆడుదో మగదో హెరిమన్ తేల్చి చెప్పలేదు. దానికి ఇగ్నట్జ్ అను ఎలుకపై అంతులేని ప్రేమ. ఎలుకకు పిల్లియన్న ఏవగింపు. అది ఇటుకను తెచ్చి పిల్లి తలకు గురిచూచి కొట్టును. పిల్లి ఆ దెబ్బను ప్రేమకానుకగా గ్రహించి మురిసిపోవును. పప్ అను పోలీసు కుక్క పిల్లిని లోలోన ప్రేమించుచు, ఎలుకను పట్టి చెరలో వేయును. ముప్పదియేండ్లు కథ ఇంతియే. అయినను దానిని హెరిమన్ వేయివిధముల మార్చి చూపెను. కథాస్థలము అరిజోనా రాష్ట్రములోని కోకోనినో ఎడారి సీమ. అతడు అచటికి పలుమారులు పోయి ఎర్రరాతి శిఖరములను, నవాహో జాతివారి చేతిపనులను కన్నులార చూచెను. అతని చిత్రములలో ఒక గడినుండి మరియొక గడికి కొండ చెట్టగును, పగలు రేయియగును. పాత్రలు మాత్రము ఏమియు ఎరుగనట్లు మాటలాడుచుండును.

సామాన్య పాఠకులలో పలువురకు ఈ కథ అర్థము కాలేదు. పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హెర్‌స్టునకు అది ప్రియమైనది కావున నిలిచినది. క్రమముగా విద్వాంసులు దానిని గుర్తించిరి. 1922లో జాన్ ఆల్డెన్ కార్పెంటర్ దానిని నృత్యరూపకముగా మలచెను. 1924లో విమర్శకుడు గిల్బర్ట్ సెల్డెస్ తన గ్రంథములో దానికి ఉన్నతమైన స్థానమిచ్చెను. 1946లో వెలువడిన సంపుటికి కవి కమింగ్స్ పీఠిక వ్రాసెను.

హెరిమన్ చివరి దినములు దుఃఖమయములు. 1931లో భార్య మేబెల్, 1939లో చిన్నకుమార్తె మరణించిరి. అతడు బల్లను విడువక గీయుచునే 1944 ఏప్రిల్ 25న కన్నుమూసెను. చితాభస్మమును అతడు కోరిన ఎడారిలోనే చల్లిరి. పేరుపొందిన బొమ్మల కథలను చిత్రకారుడు పోయినను ఇతరులచేత సాగించుట ఆ పత్రికల వాడుక. ‘క్రేజీ క్యాట్’ను మాత్రము వేరొకరికి అప్పగింపలేదు, జూన్ 25నాటి పుటతో అది ముగిసినది.

మరణపత్రములో అతడు శ్వేతజాతీయుడుగా నమోదయ్యెను. 1971లో ఆర్థర్ ఆసా బెర్గర్ అను పండితునికి దొరకిన జననపత్రములో నల్లజాతివాడని యుండెను. అప్పటినుండి చదువరులు పాత పుటలను కొత్త కన్నులతో చూచిరి. ఒక పుటలో క్రేజీ అలంకారశాలకు పోయి తెల్లగా మారి వచ్చును. నిత్యము ఇటుక విసరు ఎలుక ఆ తెల్లని సుందరిని చూచి మోహించును. అది క్రేజీయేయని తెలిసినంతనే మరల ఇటుకకై వెదకును. హెరిమన్ ఏ సభలోను వర్ణద్వేషమును గూర్చి ప్రసంగింపలేదు. నోరు విప్పి చెప్పజాలని మాటను పిల్లికిని, ఎలుకకును అప్పగించెను. ఆనాడు నవ్వి పుట త్రిప్పినవారికి ఆ మాట వినబడలేదు. నేడు చదువువారికి అది వినబడుచున్నది.