సంచి మోసిన చేతులే కప్పు ఎత్తాయి: గోల్ఫ్ వీరుడు పాప్వా జీవితం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గోల్ఫ్ ఆడేవాళ్లు ఎక్కడా కనబడరు. దుబాయ్, అబుధాబిలో పని చేసి వచ్చినవాళ్లు మాత్రం ఆ పచ్చటి మైదానాలను గేటు బయటి నుంచి చూసే ఉంటారు. అది పైసలున్నోళ్ల ఆట అని అందరి నమ్మకం. కానీ ఆ ఆటలో ఆటగాడి వెనకాల బరువు సంచి మోసుకుంటూ నడిచే మనిషి ఒకడుంటాడు. అతన్ని క్యాడీ అంటారు. అలాంటి ఒక క్యాడీ పెద్ద పెద్ద ఆటగాళ్లను ఓడించి కప్పు గెలిచాడు. అయినా క్లబ్బు గడప మాత్రం దాటలేకపోయాడు. అతనే సెవ్‌సుంకర్ సెవ్‌గోలమ్. ఊరంతా పాప్వా అని పిలిచేవారు.

క్యాడీ అంటే ఉత్త కూలి కాదు. సంచిలో 14 దాకా కర్రలుంటాయి. బంతి ఎంత దూరం పోవాలి, గాలి ఎటు వీస్తోంది, దానికి ఏ కర్ర తీయాలి, గుంత దగ్గర గడ్డి ఎటు వాలి ఉంది, ఇవన్నీ క్యాడీకి తెలియాలి. ఆటగాడు తడబడితే ధైర్యం చెప్పేది కూడా అతనే. కానీ గెలిస్తే పేపర్లో పేరు పడేది ఆటగాడిదే. క్యాడీకి దక్కేది ఆ రోజు కూలి, ఆటగాడికి బుద్ధి పుడితే బక్షీసు.

డర్బన్‌లో పుట్టుక

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు మన దేశం నుంచి కూలీలు పోవడం 1860లో మొదలైంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే మొదటి ఓడ ఆ ఏడాది నవంబర్ 16న అక్కడికి చేరింది. చెరకు తోటల్లో గిర్మిట్ కూలీలుగా పోయినవాళ్లలో తెలుగువాళ్లు, తమిళులు, ఉత్తరాది వాళ్లు అందరూ ఉన్నారు. పాప్వా అలాంటి ఒక పేద కుటుంబం బిడ్డ. బడి చదువు అబ్బలేదు. చిన్నప్పుడే బీచ్‌వుడ్ అనే గోల్ఫ్ క్లబ్బులో సంచులు మోయడానికి పోయాడు. సాహెబులు ఆడుతుంటే చూసి చూసి ఆట నేర్చుకున్నాడు.

ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోవడంతో కర్ర పట్టుకునే తీరు ఉల్టా అయ్యింది. క్రికెట్‌లో కుడిచేతి బ్యాట్స్‌మన్ ఎడమ చేయి పైన, కుడి చేయి కింద పెట్టి బ్యాట్ పట్టుకుంటాడు. గోల్ఫ్‌లోనూ అంతే. పాప్వా మాత్రం కుడి చేయి పైన, ఎడమ చేయి కింద పెట్టేవాడు. చూసినవాళ్లు ఇదేం ఆట అనుకునేవారు. బంతి మాత్రం అతను అనుకున్న చోటే పడేది.

ఒక తోడు దొరికింది

గ్రాహం వుల్ఫ్ అనే తెల్ల వ్యాపారికి డర్బన్‌లో ఫ్యాక్టరీ ఉండేది. ఈ రోజు ఓలే పేరుతో అమ్ముతున్న ముఖం క్రీమును మొదట తయారు చేసింది ఆయనే. పాప్వా ఆ ఫ్యాక్టరీలో సీసాలు నింపే పని చేసేవాడు. అతని హునర్ చూసిన వుల్ఫ్ 1959లో అతన్ని యూరప్‌కు తీసుకుపోయాడు. చదవడం, రాయడం రాని ఆ మనిషి అదే ఏడాది హాలండ్‌లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1960లో మళ్లీ గెలిచాడు. 1964లో మూడోసారి కూడా ఆ కప్పు అతనిదే.

వానలో ఇచ్చిన కప్పు

పరాయి దేశంలో ఇజ్జత్ దొరికింది గానీ సొంత దేశంలో జుల్మ్ తప్పలేదు. అక్కడ అపార్థైడ్ కానూన్లు నడుస్తున్న రోజులవి. నల్లవాళ్లు, భారతీయులు తెల్లవాళ్లతో కలిసి ఆడాలంటే సర్కారు పర్మిట్ కావాలి. పర్మిట్ దొరికినా క్లబ్బు లోపలికి పోనీయరు. పాప్వా కారులోనే బట్టలు మార్చుకొని, కారులోనే తిని ఆటకు దిగేవాడు.

1963లో డర్బన్‌లో జరిగిన నటాల్ ఓపెన్‌లో వంద మందికి పైగా తెల్ల ఆటగాళ్లను దాటి అతను గెలిచాడు. బహుమతి ఇచ్చే టైముకు వాన మొదలైంది. మిగతావాళ్లు లోపల ఉంటే, గెలిచిన మనిషి బయట వానలో నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ ఫోటో దేశదేశాల పేపర్లలో వచ్చింది. చదివిన వాళ్లకు అపార్థైడ్ అంటే ఏందో విడమర్చి చెప్పే పని లేకుండా పోయింది. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికాను రానీయలేదు.

1965లో పాప్వా మళ్లీ నటాల్ ఓపెన్ గెలిచాడు. ఈసారి ఓడినవాళ్లలో గ్యారీ ప్లేయర్ ఉన్నాడు. ఆయన అప్పటికే బ్రిటిష్ ఓపెన్, మాస్టర్స్ గెలిచిన ప్రపంచ స్థాయి ఆటగాడు. ఒక క్యాడీ చేతిలో అంతటివాడు ఓడిపోవడం సర్కారుకు మింగుడుపడలేదు. 1966 నుంచి పెద్ద టోర్నీల్లో ఆడటానికి పాప్వాకు పర్మిట్ దొరకలేదు. పాస్‌పోర్టు కూడా చేతికి రాకుండా చేశారు. గల్ఫ్‌లో కఫీల్ దగ్గర పాస్‌పోర్టు ఇరుక్కుపోతే ఎట్లుంటదో మన ఇండ్లల్లో చాలామందికి ఎరుకే. చేతిలో హునర్ ఉన్నా కాగితం లేకపోతే కాలు కదలదు.

మంచి వయసులోనే ఆట ఆగిపోయింది. సంపాదన పోయింది. పాప్వా 1978లో గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి వయసు యాభై దరిదాపుల్లోనే. చేతిలో మిగిలిందేమీ లేదు. అపార్థైడ్ పోయి, 1994లో అందరూ ఓటు వేసే రోజు వచ్చేదాకా అతను బతకలేదు.

ఇప్పుడు డర్బన్‌లోని రిజర్వాయర్ హిల్స్‌లో ఒక గోల్ఫ్ మైదానానికి అతని పేరే ఉంది. మన దేశంలో కూడా సంచి మోసిన చేతులు గెలిచిన కథలున్నాయి. ఢిల్లీలో క్యాడీగా మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో, 1993లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా దగ్గర గోల్ఫ్ ఆడుతుంటే, సంచితో వెనకాల నడిచే పిల్లగాణ్ని కూడా ఒకసారి చూడాలి. పాప్వాకు ఒక వుల్ఫ్ దొరికాడు గనుక లోకానికి తెలిశాడు. అలాంటి తోడు దొరక్క, ఆట వచ్చి కూడా సంచి మోస్తూనే ఉండిపోయిన క్యాడీలు ఎందరో.