చిత్రకారుడు దామెర్ల రామారావు

మన సంఘం వేదిక మీద పాట పాడేవారికి, నాటకమాడేవారికి చోటుంది. చిత్రకారునికి వేదిక లేదు. అతడు ఒంటరిగా కూర్చుని పని చేస్తాడు. ఆ బొమ్మను ఎవరైనా గోడకు తగిలించి నలుగురికీ చూపితేగాని అతడున్నట్లు లోకానికి తెలియదు. ఇందుకు దామెర్ల రామారావుగారి జీవితమే నిదర్శనం.

రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. చిన్ననాటి నుండి ఆయనకు బొమ్మల మీదనే మక్కువ. బొమ్మలు కూడు పెడతాయా అని పెద్దలు సందేహించే కాలమది. ఆ ఊరి ప్రభుత్వ కళాశాలకు అప్పుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలు. ఆయన స్వయంగా రచయిత, చిత్రకారుడు. అడివి బాపిరాజుగారు కూడా ఆయన శిష్యులే. కూల్డ్రే దొర ఈ కుర్రవాని చేతిలోని విద్యను గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయిలోని సర్ జె.జె. కళాశాలలో చేరేందుకు తోడ్పడ్డాడు. అది 1916వ సంవత్సరం.

ముంబయిలో ఉంటున్న మనకు ఆ కళాశాల కొత్త కాదు. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో బండి దిగితే నాలుగడుగుల దూరం. జంషెట్జీ జీజీభాయ్ అనే పారశీక వర్తకుడు లక్ష రూపాయల విరాళమివ్వగా 1857లో వెలసిన విద్యాలయమది. ఒక వర్తకుని దానం, ఒక ఉపాధ్యాయుని దయ కలిసి ఒక తెలుగు కుర్రవాణ్ణి చిత్రకారుణ్ణి చేశాయి.

1920లో చదువు ముగిసింది. పాశ్చాత్య పద్ధతిలో దేహ నిర్మాణం, వెలుగునీడలు నేర్చినా రామారావుగారి మనస్సు మన రేఖ మీద, మన మనుషుల మీదనే నిలిచింది. గుజరాతు, కాఠియవాడ ప్రాంతాలు తిరిగి అక్కడి జనాన్ని చిత్రించారు. ఇంటికి వచ్చి గోదావరిని చిత్రించారు. పుష్పాలంకారం, సిద్ధార్థ రాగోదయం, నందిపూజ చూచినవారికి ఆ చేతి నైపుణ్యం బోధపడుతుంది.

ఆయన పేరు దేశానికి తెలిసింది ప్రదర్శనల వల్లనే. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన చిత్రం ఋష్యశృంగ బంధనం వైస్రాయి బహుమతి పొందింది. 1924లో లండను వెంబ్లే ప్రదర్శనకు ఆయన చిత్రాలు వెళ్ళాయి.

అంతటి కీర్తి వచ్చిన తరువాత పెద్ద పట్నంలో స్థిరపడక, 1923లో స్వస్థలంలోనే చిత్రకళాశాల స్థాపించారు. తనకు అందిన సాయం తన వెనుకవారికి అందాలన్నదే ఆయన తపన. భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడా కుంచె పట్టారు. ఆడవారు చిత్రలేఖనం అభ్యసించడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు.

ఇంతలో విధి వక్రించింది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికం ఆయనను పొట్టన పెట్టుకుంది. అప్పటికి 28 ఏళ్ళైనా నిండలేదు. బడి పెట్టి రెండేళ్ళే. అక్కడితో అంతా ముగిసిపోవలసిందే. కాని మిత్రుడు వరదా వెంకటరత్నంగారు, ఇతర మిత్రులు ఆ బడిని నిలబెట్టారు. చిత్రాలను చెదరనీయక ఒకచోట చేర్చారు. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు స్మారక చిత్రశాల వారి శ్రమ ఫలమే. సెలవులకు స్వస్థలం వెళ్ళే కుటుంబాలు పిల్లలను తీసుకుని ఒక పూట అక్కడ గడపాలని మనవి.

మరొక మనవి కూడా ఉంది. మన ఇళ్ళలో లెక్కల పుస్తకం అంచున బొమ్మలు వేసి చీవాట్లు తినే పిల్లలున్నారు. వచ్చే ఉగాదికి హాలులో ఒక గోడ వారికి వదులుదాము. నచ్చిన బొమ్మను పదిమందీ చందా వేసుకుని కొందాము. అందరికీ కూల్డ్రే దొర దొరకడు. సంఘమే ఆ పని చేయాలి.