టామీ డగ్లస్

టామీ డగ్లస్ (అక్టోబరు 20, 1904 - ఫిబ్రవరి 24, 1986) కెనడాకు చెందిన రాజకీయ నాయకుడు, బాప్టిస్టు మతబోధకుడు. 1944 నుండి 1961 వరకు సస్కచెవాన్ రాష్ట్ర ప్రీమియరుగా (మన ముఖ్యమంత్రితో సమానమైన పదవి) పనిచేశాడు. రైతులు, కూలీలు అధికముగా గల ఆ రాష్ట్రములో ఆయన ప్రారంభించిన ప్రభుత్వ ఆరోగ్య బీమా తరువాతి కాలములో దేశమంతటికీ విస్తరించింది. అందువలన ఆయనను కెనడా ఆరోగ్య బీమా పితామహుడని అంటారు.

బాల్యము

డగ్లస్ స్కాట్లాండులోని ఫాల్కిర్క్‌లో జన్మించాడు. తండ్రి ఇనుప పోత కార్మికుడు. కుటుంబము 1910లో కెనడాలోని విన్నిపెగ్ నగరానికి వలస వెళ్ళింది. చిన్నతనములో తగిలిన దెబ్బ వలన డగ్లస్ కాలి ఎముకకు చీము పట్టింది. నిపుణుని వైద్యానికి తల్లిదండ్రులకు స్తోమత లేకపోవడముతో కాలు తీసివేయక తప్పదని వైద్యులు తేల్చారు. అప్పుడు ఒక శస్త్రవైద్యుడు, తన విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే ఉచితముగా చికిత్స చేస్తానన్నాడు. కాలు దక్కింది. పేదవాని కాలు నిలవడము అదృష్టముపై ఆధారపడరాదన్న భావన డగ్లస్‌లో ఈ అనుభవముతోనే నాటుకుంది. కొంతకాలము ముద్రణాలయములో పనిచేసిన ఆయన 1922లో మానిటోబా లైట్ వెయిట్ బాక్సింగ్ పోటీలో విజేతగా నిలిచాడు.

రాజకీయ జీవితము

1930లో వేబర్న్ పట్టణములో చర్చి బాధ్యతలు చేపట్టాడు. ఆర్థిక మాంద్యము, కరువు వలన రైతులు పడిన కష్టాలు ఆయనను రాజకీయాలలోకి నడిపించాయి. 1935లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1944 ఎన్నికలలో ఆయన నాయకత్వములో కోపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్ పార్టీ 47 స్థానాలు గెలిచి సస్కచెవాన్‌లో అధికారములోకి వచ్చింది.

ఆరోగ్య బీమా

సస్కచెవాన్ పల్లెలలో స్థానిక సంస్థలు పన్ను సొమ్ముతో వైద్యునికి జీతమిచ్చే పద్ధతి అంతకు ముందే ఉంది. 1946లో స్విఫ్ట్ కరెంట్ ప్రాంతములో ప్రజలందరికీ వైద్య సేవలు అందించే బీమా మొదలైంది. 1947 జనవరి 1 నుండి రాష్ట్రమంతటా ఆసుపత్రి బీమా అమలయింది. కొద్దిపాటి వార్షిక రుసుము చెల్లించినవారు ఆసుపత్రి ఖర్చుల భారము లేకుండా చికిత్స పొందగలిగారు. యజమాని ద్వారా కాక నివాసము ఆధారముగా వర్తించడము వలన సొంత సేద్యము చేసుకునే రైతుకు, దినకూలీకి కూడా ఇది అందింది.

వైద్యుల రుసుములను కూడా బీమా పరిధిలోకి తెచ్చే చట్టము 1961లో ఆమోదము పొందింది. ఆ ఏడాదే డగ్లస్ పదవిని వదలి, కొత్తగా ఏర్పడిన న్యూ డెమోక్రటిక్ పార్టీకి జాతీయ నాయకుడయ్యాడు. వైద్యుల వ్యతిరేకత నడుమ 1962 జూన్‌లో రెజైనా స్థానములో ఓడిపోయాడు. జూలై 1న చట్టము అమలులోకి రాగానే వైద్యులు సమ్మెకు దిగారు. అప్పటి ప్రీమియర్ వుడ్రో లాయిడ్ వెనుకకు తగ్గలేదు. సుమారు మూడు వారాల తరువాత ఒప్పందము కుదిరి సమ్మె ముగిసింది. 1966లో కేంద్ర ప్రభుత్వము వైద్య సేవల చట్టము చేయగా, 1972 నాటికి కెనడా రాష్ట్రాలన్నీ ఈ పథకములో చేరాయి.

విమర్శలు

1933లో సమర్పించిన ఎం.ఏ. సిద్ధాంత వ్యాసములో డగ్లస్, మానసిక వైకల్యము గలవారికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయాలన్న వాదనను సమర్థించాడు. ఇది ఆయన జీవితములో మచ్చగా మిగిలింది. అయితే అధికారములో ఉండగా అటువంటి విధానాన్ని అమలు చేయలేదు.

చివరి రోజులు

1971లో పార్టీ నాయకత్వము నుండి, 1979లో పార్లమెంటు నుండి విరమించుకున్నాడు. 1986లో క్యాన్సరుతో ఒట్టావాలో మరణించాడు. 2004లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ నిర్వహించిన ప్రజాభిప్రాయ సేకరణలో అత్యంత గొప్ప కెనడియన్‌గా ఎంపికయ్యాడు.