సాగరగర్భ యాత్రికుడు జాక్ ఈవ్ కూస్తో

భూగోళమున మూడింట రెండు వంతులకు మించిన భాగమును సముద్రమే ఆక్రమించియున్నది. అయినను మానవుడు చిరకాలము దాని ఉపరితలముపై నావలు నడుపుటతోనే తృప్తి చెందవలసి వచ్చినది. నీటి క్రింద ఏమున్నదో చూడవలెనన్న కోరికకు శ్వాస సమస్యయే పెద్ద అడ్డుగా నిలిచినది. ఆ అడ్డును తొలగించుటలో ముఖ్యపాత్ర వహించిన ఫ్రెంచి నౌకాదళాధికారి జాక్ ఈవ్ కూస్తో జీవితమును పాఠకులకు పరిచయము చేయుట మా ఉద్దేశము. ఆయన నౌక, ఆయన చలనచిత్రములు లోకవిదితములు. కాని ఆ కీర్తిసౌధమునకు పునాది, గాలి వృథాగా కారిపోవు ఒక యంత్రలోపమును ఆయన సరిదిద్దుకొన్న తీరులో ఉన్నదని మేము భావించుచున్నాము. అందుచేత ఆ ఘట్టమును కొంత విపులముగా చెప్పెదము.

కూస్తో 1910 జూన్ 11వ తేదీన ఫ్రాన్సు దేశమున, బోర్డో నగరమునకు సమీపమున గల సెంట్ ఆంద్రె ద కుబ్జాక్ అను చిన్న పట్టణమున జన్మించినారు. 1930లో నౌకాదళ విద్యాలయమున ప్రవేశించినారు. విమానచోదకుడు కావలెనని వారి ఆశయము. అయితే 1936లో సంభవించిన ఒక కారు ప్రమాదమున రెండు చేతులును విరిగి, ఆ ఆశయము భగ్నమైనది. చేతులకు తిరిగి బలము చేకూరుటకై తూలోన్ తీరమున ఈత ప్రారంభించినారు. సహచరాధికారియైన ఫిలిప్ తాయే ఇచ్చిన కళ్ళజోడు ధరించి తల నీట ముంచగనే, అంతవరకు తాము చూడని లోకము వారికి గోచరించినది. ఆకాశము దూరమైన యువకుని సముద్రము ఆ విధముగా చేరదీసినది. తాయే, ఫ్రెడెరిక్ ద్యుమా, కూస్తో అను మువ్వురు మిత్రులు నాటినుండి నీటి అడుగుననే తమ తీరికకాలమును గడిపినారు. 1937లో కూస్తో సిమోన్ మెల్షియోర్‌ను వివాహమాడినారు. ఆమెయు భర్తతో సమానముగా సముద్రమును ప్రేమించినది.

ఊపిరి బిగబట్టి మునుగువానికి లభించు కాలము ఒకటి రెండు నిమిషములే. ఈవ్ ల ప్రియర్ అను మరియొక ఫ్రెంచి అధికారి సంపీడిత వాయువుతో నిండిన సిలిండరుతో మునుగు పద్ధతిని అంతకు ముందే రూపొందించియుండినారు. అందులో గాలి ఎడతెగక ప్రవహించుటచే పీల్చినదానికంటె వృథాయైనదే అధికము. కూస్తో శుద్ధ ఆక్సిజనుతోను ప్రయోగములు చేసినారు. లోతున ఆక్సిజనే విషమగును. దాని ఫలితముగా రెండు పర్యాయములు ఈడ్పులతో కూడిన మూర్ఛకు లోనై, ప్రాణాపాయము తప్పించుకొన్నారు. ఆ అనుభవములతో వారికి కావలసినదేమో స్పష్టమైనది. పీల్చినప్పుడు మాత్రమే, చుట్టునున్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో గాలినిచ్చు సాధనము కావలెను. 1860 దశకముననే రూక్విరోల్, దెనెరూజ్ అను ఇరువురు ఫ్రెంచివారు ఇట్టి ఉపకరణమును నిర్మించియుండినను, అధిక పీడనమును భరింపగల సిలిండర్లు ఆనాడు లేనందున అది స్వతంత్రముగా దీర్ఘకాలము పనిచేయలేకపోయినది.

1942 డిసెంబరులో కూస్తో పారిస్ నగరమున ఎమీల్ గాన్యన్ అను ఇంజనీరును కలిసికొన్నారు. ఆయన ఎయిర్ లిక్విడ్ సంస్థయందు పనిచేయుచుండెడివారు. అది యుద్ధకాలము. దేశము జర్మనుల ఆధీనమున ఉన్నది. పెట్రోలు దొరకనందున మోటారు వాహనములను ఇంధన వాయువులతో నడుపుచుండిరి. ఇంజనుకు అవసరమైనంత వాయువును మాత్రమే అందించు ఒక కవాటమును గాన్యన్ తయారు చేసియుండినారు. ఇంజనుకు ఉపకరించినది మానవుని ఊపిరితిత్తులకు ఏల ఉపకరించరాదను ఆలోచనతో, కొద్ది వారములలోనే రెగ్యులేటరు అను పరికరము సిద్ధమైనది.

దాని ప్రధాన భాగము ఒక రబ్బరు పొర. పొరకు ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క గాలి ఉండును. మనిషి గాలి పీల్చగనే పొర లోనికి వంగి, ఒక మీటను నొక్కి, కవాటమును తెరచును. పీల్చుట ఆగగనే ఒత్తిడులు సమమై కవాటము మూసికొనును.

1943 జనవరి మాసమున పారిస్ సమీపమందలి మార్న్ నదిలో కూస్తో మొదటి పరీక్షకు దిగినారు. గాన్యన్ ఒడ్డున నిలిచియుండినారు. నీటిలో బోర్లగా ఈదుచున్నంతసేపు గాలి సుఖముగా వచ్చినది. నిటారుగా నిలిచినప్పుడు పీల్చకున్నను గాలి బుడబుడమని వెలుపలికి కారిపోయినది. తలక్రిందులైనప్పుడు గాలి కష్టముతో వచ్చినది. సిలిండరు గాలి అట్లు వృథాయైనచో మునిగినవాని ఆయువును అంతమేర తరిగినట్లే. ఇరువురును నిరాశతో తిరుగు ప్రయాణమైనారు.

కాని వారు కవాటమును నిందించి ఊరకుండలేదు. ఒకే పరికరము ఒక భంగిమలో చక్కగా పనిచేసి, మరియొక భంగిమలో ఏల మొరాయించవలెనని తర్కించుకొన్నారు. భంగిమతో మారునది ఎత్తుపల్లము. గాలి లోనికి వచ్చు చోటికిని, విడిచిన గాలి వెలుపలికి పోవు చోటికిని నడుమ సుమారు 15 సెంటీమీటర్ల ఎడము ఉండినది. మనిషి నిలిచినప్పుడు వెలుపలి ద్వారము పైకి పోయినది. అచ్చట నీటి ఒత్తిడి తక్కువగుటచే గాలి దానంతట అదియే పొంగిపోయినది. తలక్రిందులైనప్పుడు ఆ ద్వారము క్రిందికి వచ్చి, గాలి ప్రవాహము అణగినది. బోర్లగా ఈదునప్పుడు రెండును ఒకే మట్టమున ఉన్నందున లోపమే కనబడలేదు. నీటిలో 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనము పెరుగునని మన భౌతికశాస్త్ర పాఠము. ఆ లెక్కన 15 సెంటీమీటర్లు కలిగించు భేదము నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే! అంత స్వల్ప భేదమే యంత్రమును పాడుచేసినది.

వ్యాధి తెలిసిన పిదప చికిత్స సులభమైనది. విడిచిన గాలిని రెండవ గొట్టము ద్వారా వెనుకకు కొనిపోయి, రబ్బరు పొర ప్రక్కనే వెలువరించు ఏర్పాటు చేసినారు. పారిస్‌లో ఒక నీటితొట్టెలో అన్ని భంగిమలలోను పరీక్షించి, గాలి కారకుండుట చూచి పేటెంటుకు దరఖాస్తు చేసినారు. అదే సంవత్సరము జూన్ మాసమున బాందోల్ తీరమునకు రైలులో ఆ పరికరము చేరినది. సిమోన్ నీటిపై తేలుచు కాపలా కాయుచుండగా, కూస్తో లోనికి దిగి పల్టీలు కొట్టినారు, తలక్రిందులుగా నిలిచినారు. గాలి చెక్కుచెదరక వచ్చినది. ఆహారము కరవైన ఆ రోజులలో వారు సముద్రపు అడుగునుండి పెద్ద రొయ్యజాతి జీవులను తెచ్చి మిత్రులకు విందు చేసినారట! ఆక్వాలంగ్ అను పేరుతో ఆ సాధనము లోకమంతట వ్యాపించినది.

కారణమును వెదకు ఈ అలవాటే వారిని మరియొకసారి కాపాడినది. 1946 ఆగస్టులో వోక్లూజ్ నీటిబుగ్గ యొక్క గుహలోనికి దిగిన కూస్తో, ద్యుమాలు మతి తప్పి మృత్యుముఖమునుండి బయటపడినారు. లోతున నైట్రోజను కలిగించు మత్తు అని సరిపెట్టుకొనక, సిలిండరులో మిగిలిన గాలిని పరీక్ష చేయించినారు. గాలి నింపు యంత్రము తన ఇంజను విడిచిన పొగనే తిరిగి పీల్చుటచే, సిలిండరులో కార్బన్ మోనాక్సైడు చేరినట్లు తేలినది.

తదుపరి జీవితము సుప్రసిద్ధము. 1950లో పాత మైన్‌స్వీపరు నౌకయైన కాలిప్సోను సంపాదించి పరిశోధన నౌకగా మార్చినారు. నిశ్శబ్ద ప్రపంచము అను అర్థము గల పేరుతో వెలువడిన వారి చలనచిత్రము 1956లో కాన్ ఉత్సవమున అత్యున్నత బహుమతిని పొందినది. 1957లో మొనాకో సముద్రశాస్త్ర ప్రదర్శనశాలకు అధిపతియైనారు. 1963లో ఎర్రసముద్రమున, సూడాన్ తీరమున, నీటి అడుగున ఇండ్లు నిర్మించి మనుష్యులను నివసింపజేసినారు.

వారిలో లోపములు లేవని మేము చెప్పము. అదే చలనచిత్రమున మందుగుండుతో పగడపు దిబ్బను పేల్చి చేపలను లెక్కించుట, సొరచేపలను కసితో చంపుట నేటి ప్రేక్షకుని బాధించును. కాని తన దోషమును తాను చూడగలుగుట వారి స్వభావము. 1960లో అణుధార్మిక వ్యర్థములను మధ్యధరా సముద్రమున పారవేయుటను ప్రతిఘటించినారు. 1973లో సముద్రరక్షణకై తన పేర ఒక సంఘమును స్థాపించినారు. 1979లో కుమారుడు ఫిలిప్ విమాన ప్రమాదమున, 1990లో సిమోన్ మరణించినారు. 1996లో కాలిప్సో సింగపూర్ రేవులో మునిగిపోయినది. 1997 జూన్ 25న, తమ 87వ ఏట, వారు పారిస్‌లో కన్నుమూసినారు.

నేటి రెగ్యులేటర్లకు ఒకే గొట్టము ఉండును. అయినను పొరయు, విడిచిన గాలి పోవు కవాటమును ఒకే డబ్బాలో దగ్గరగా ఉండుట నాటి సూత్రమే. నేడును నోటి భాగము పైకి తిరిగియున్నచో నీటిలో గాలి పొంగిపోవును. క్రిందికి త్రిప్పగనే ఆగును. అప్పటికిని ఆగనిచో, నిపుణుడు పీడనమాపకమును అమర్చి చూచును. సూచిక స్థిరముగా ఉన్నచో దోషము నోటివద్ది కవాటమున, మెల్లగా పైకి ప్రాకినచో సిలిండరువద్ది కవాటమున ఉన్నదని నిర్ణయించును. ఊహతో మరలు త్రిప్పువాడు ప్రాణముతో చెలగాటమాడును.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో పరికరము మొరాయించినను, పరీక్షలో ఫలితము తప్పినను, ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఏ స్థితిలో సరిగా ఉన్నది, ఏ స్థితిలో చెడినది? మార్న్ నదినుండి వణకుచు తిరిగివచ్చిన ఆ ఇరువురు అడిగినది ఆ ప్రశ్ననే. సముద్రగర్భమునకు ద్వారము తెరచినది దాని సమాధానమే.