గోదావరి డెల్టా రూపశిల్పి సర్ ఆర్థర్ కాటన్

(మే 15న కాటన్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

నేడు ధాన్యాగారంగా పేరొందిన గోదావరి డెల్టా 19వ శతాబ్ది పూర్వార్ధంలో కరువు కాటకాలకు నిలయం. 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరింగను ముంచెత్తిన ఉప్పెన ఈ ప్రాంతాన్ని కుంగదీశాయి. 1821లో 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. నది నిండుగా పారి కడలిలో కలుస్తుండగానే తీరవాసులు ఆకలితో అలమటించారు.

ఈ దుస్థితిని మార్చిన ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. 1821లో సైనిక ఇంజనీరుగా మద్రాసు చేరుకున్నారు. ఆయన అసలు విద్యాభ్యాసం కావేరీ తీరాన జరిగిందనవచ్చు. కరికాల చోళుడు నిర్మించినదిగా చెప్పే కల్లణైని ఆయన నిశితంగా పరిశీలించారు. రాతి పునాది దొరకని ఇసుక నదిలోనూ ఆనకట్ట నిలబెట్టవచ్చునని గ్రహించారు. ఇసుకలో వేసిన బండరాళ్లు కొంత దిగబడి కుదురుకుంటాయి; ఆపై కట్టడం నిలుస్తుంది. తక్కువ వ్యయంతో భారీ నిర్మాణం సాధ్యమయ్యే ఈ కిటుకు దేశీయ శిల్పులదేనని ఆయన దాచకుండా అంగీకరించారు. 1836లో కొళ్లిడంపై ఆనకట్టలు నిర్మించి దానిని నిరూపించారు.

గోదావరిపై ఆయన సమర్పించిన నివేదికలకు 1846లో ఆమోదం లభించింది. 1847లో ధవళేశ్వరం వద్ద పనులు ఆరంభమయ్యాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలపై సుమారు 3.6 కిలోమీటర్ల కట్టడానికి పక్కనున్న కొండే రాయినిచ్చింది. ఎండదెబ్బతో ఆరోగ్యం చెడి కాటన్ కొంతకాలం సెలవుపై వెళ్లగా కెప్టెన్ ఓర్ బాధ్యత వహించారు. కూలీలను సమీకరించి పనులు నడిపించిన తెలుగు ఉద్యోగి వీణం వీరన్నకు చరిత్రలో దక్కిన చోటు మాత్రం స్వల్పమే. 1852లో ఆనకట్ట పూర్తయింది. కాలువలు సాగునీటితోపాటు పడవల రాకపోకలకూ ఉపకరించాయి. కృష్ణానదిపై బెజవాడ ఆనకట్ట కూడా ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి రూపుదాల్చింది.

1861లో కాటన్‌కు సర్ బిరుదు లభించింది. అయితే రైళ్లకన్నా కాలువలకే అధిక నిధులు కేటాయించాలన్న ఆయన వాదన పాలకులకు రుచించలేదు. 1878లో, దక్షిణాదిన లక్షలాది ప్రజలను బలిగొన్న కరువు అనంతరం, బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ఎదుట 75 ఏళ్ల వయసులో ఆయన సుదీర్ఘ విచారణను ఎదుర్కొన్నారు. ఆయన ప్రతిపాదనలను కమిటీ ఆమోదించలేదు.

1899 జూలై 24న ఇంగ్లండులోని డోర్కింగ్‌లో కాటన్ కన్నుమూశారు. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. డెల్టా గ్రామాలలో రైతులు స్వచ్ఛందంగా ప్రతిష్ఠించుకున్న కాటన్ విగ్రహాలకు ఏటా జయంతినాడు పూలమాలలు పడుతున్నాయి.