జగదీశ చంద్ర బోసుగారు

తంతి లేకుండ వార్త నంపు విద్యకు మొదటి దినములలో పాటుపడిన వారిలో భారతీయుడొకడు కలడు. జగదీశ చంద్ర బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన తూర్పు వంగదేశమున జన్మించిరి. తండ్రి ప్రభుత్వోద్యోగి యయ్యును, కుమారుని మొదట వంగభాషలో చదువు చెప్పు బడియందే చేర్చెను. అచ్చట జాలరుల బిడ్డలు ఆయనకు తోడి విద్యార్థులు. పిమ్మట కలకత్తా సెయింట్ జేవియర్ మిషను కళాశాలలో లాఫాంట్ ఫాదరుగారి ప్రయోగములు ఆయన మనస్సును భౌతికశాస్త్రమువైపు త్రిప్పినవి.

కేంబ్రిడ్జిలో చదివివచ్చి, 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైరి. ఆంగ్లేయుల కిచ్చు జీతము తమకీయనందున మూడేండ్లు జీతము ముట్టకయే పాఠములు చెప్పిరి. తుదకు దొరతనమువారు బకాయితో చెల్లించిరి.

హెర్ట్జ్ పండితుడు కనుగొనిన విద్యుత్తరంగములు దీర్ఘములు. బోసుగారు అయిదు మిల్లీమీటర్ల తరంగములను పుట్టించి, అవి వెలుతురువలెనే వంగుననియు, తిరిగివచ్చుననియు బల్లమీదనే నిరూపించిరి. 1895లో కలకత్తా టౌను హాలులో గోడల కావల గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చిరి. తరంగమును పంపుటకే గాక, దానిని విను సాధనమునకును వారు శ్రమించిరి. పేటెంటులయం దిష్టము లేకున్నను, మిత్రుల బలవంతముచే గైకొనిన అమెరికా పేటెంటు (1904) అట్టి సాధనమునకే.

ఇంత పొట్టి తరంగములు దూరము పోజాలవు. మన బోథ్ గుట్టల వంటివి అడ్డువచ్చిన నిలిచిపోవును. బోసుగారి తరువాత చాల కాలమునకు ఇంజనీర్లు దీని కొక యుపాయము పన్నిరి. స్తంభములు లేనిచోట, చేతిలోని ప్రతి యంత్రమును విను చెవియు, అందించు చేయియు నగును. అది మొదట తన చుట్టు నెవరున్నారో పిలిచి తెలిసికొనును. కావలసిన సేవ తన పొరుగున లేనిచో పొరుగువానిని, అతడు తన పొరుగువానిని అడుగుచు పోవుదురు. అది కలవాడు దొరకగానే జవాబు వచ్చిన దారినే మరలును. ప్రతి ప్రశ్నకు నొక సంఖ్య యుండును. విన్నదానినే మరల నందించినచో ప్రశ్నలతోనే యాకాశము నిండిపోవునుగదా! నడుమ నొకడు కదలిపోయిన దారి తెగును, వెదకుట మరల మొదలగును. వరదలలో, భూకంపములలో స్తంభములు కూలినపు డిట్టి ఏర్పాటు ప్రాణము నిలుపగలదు. నేడు చేరువ యంత్రముల నడుమ వాడు 60 గిగాహెర్ట్జ్ తరంగము సరిగా ఆ అయిదు మిల్లీమీటర్లదే.

పిమ్మట బోసుగారు మొక్కల జీవమును శోధించుటకు మరలిరి. 1917లో కలకత్తాలో తమ పేర పరిశోధనాలయమును స్థాపించిరి. 1937 నవంబరు 23న గిరిడీలో స్వర్గస్థులైరి. వారు స్వయముగా చేయించిన పరికరములు కొన్ని ఆ పరిశోధనాలయమున భద్రముగా నున్నవి.